సంఘమనగా కూడిక

క్రీ. శ. 1921 జనవరి 2వ తేదీ, ఆదివారము. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమందలి కాల్వరీ దేవాలయమున జరిగిన సాయంకాలారాధనను కె. డి. కె. ఎ. అను రేడియో కేంద్రము ప్రసారము చేసెను. రేడియోలో వినవచ్చిన మొట్టమొదటి క్రైస్తవారాధన అదియేయని చెప్పుదురు. నాటినుండి గడప దాటకుండగనే ప్రార్థనను, ప్రసంగమును, సంకీర్తనమును వినుట సాధ్యమైనది. రేడియో వెనుక టెలివిజను, దాని వెనుక చేతిలో ఇమిడెడి ఫోను వచ్చినవి. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి ప్రబలి పెక్కు దేశములలో దేవాలయములు మూతపడగా, అసంఖ్యాక జనులు తమ యిండ్లలోనే తెరముందు కూర్చుండి ఆరాధనలో పాల్గొనిరి. అప్పుడొక ప్రశ్న సహజముగానే పుట్టినది. ప్రార్థన మనస్సునకు సంబంధించినది, దైవము సర్వవ్యాపి, మంచి ప్రసంగము ఇంటనే వినవచ్చుచున్నది. అట్లగుచో ఆదివారమునాడు నలుగురును ఒకచోట చేరవలసిన అగత్యమేమి?

ఈ ప్రశ్నకు మతశాస్త్రము చెప్పు సమాధానమును మతాచార్యులకు విడుతము. చరిత్ర చెప్పు సమాధానమును మాత్రము శ్రోతలకు విన్నవింపదలచితిని. సులభముగా లభించు వస్తువు విలువ మనకు తెలియదు; అది కరవైననాడే తెలియును. కూడుటయే నేరమైన దినములలో క్రైస్తవులు వేనిని వదలుకొనిరి, దేనిని ప్రాణము మీదికి వచ్చినను వదలుకొనకుండిరి అని విచారించినచో విషయము తేటపడును.

మొదట పేరునే చూతము. తెలుగు బైబిలులో 'సంఘము' అని మనము చదువు మాటకు మూలమైన గ్రీకు పదము 'ఎక్లేసియా'. పిలువగా వచ్చి కూడిన పౌరుల సభకు గ్రీకు నగరములలో ఆ పేరుండెను. అనగా అది కట్టడమునకు పేరు కాదు, కూడిన మనుష్యులకు పేరు. తొలి రెండు శతాబ్దులలో క్రైస్తవులకు ప్రత్యేక దేవాలయములు దాదాపు లేవనియే చెప్పవచ్చును. వారు ఒకరి యింటనో మరియొకరి యింటనో కూడుకొనుచుండిరి. సిరియా దేశమున యూఫ్రటీసు నదీతీరమందలి దురా-యూరోపోస్ అను పట్టణమున, 1930 ప్రాంతముల త్రవ్వకములలో అట్టి యిల్లొకటి బయల్పడినది. అది మూడవ శతాబ్ది పూర్వార్ధము నాటిది. రెండు గదుల నడిమి గోడను పడగొట్టి దానిని ఒక్క విశాలమైన గదిగా చేసిరి. ఆ యింటికి అలంకారములు చేయుటకంటె ముందు మనుష్యులకు చోటు చేసిరన్నమాట.

ఈ కూడికలను గూర్చి క్రైస్తవేతరులు వ్రాసిన తొలి వివరణ రోము ప్రభుత్వపు కాగితములలో కలదు. క్రీ. శ. 112 ప్రాంతమున, నేటి తుర్కీ దేశపు ఉత్తరభాగమైన బితూనియాకు ప్లినీ అను పండితుడు అధిపతిగా ఉండెను. క్రైస్తవులను విచారించి, తాను తెలిసికొనిన సంగతిని ఆయన ట్రాజను చక్రవర్తికి నివేదించెను. వారు ఒక నియత దినమున తెల్లవారకముందే కూడి, క్రీస్తును దైవముగా భావించి స్తోత్రము పాడుదురనియు, దొంగతనము, వ్యభిచారము, మాట తప్పుట మొదలగువానిని చేయమని ప్రమాణము చేయుదురనియు, పిదప విడిపోయి మరల కలిసికొని సామాన్యమైన భోజనమును చేయుదురనియు ఆయన వ్రాసెను. అందు నేరమేదియు ఆయనకు కనబడలేదు. మరి భయమెందులకు? ఆ చక్రవర్తియే పంపిన మరియొక ఉత్తరము ఇందుకు సమాధానము చెప్పును. నికోమీడియా పట్టణము అగ్నిప్రమాదమునకు గురియైనప్పుడు, మంటలార్పుటకు నూటయేబదిమందితో ఒక సంఘమును ఏర్పరచుటకు ప్లినీ అనుమతి కోరెను. ట్రాజను నిరాకరించెను. ఏ పేరున కూడినను, ఏ పనికై కూడినను, కూడినవారు తుదకు రాజకీయ కూటమగుదురని ఆయన శంక. మనుష్యులు కూడుటలో ఎంత బలము కలదో ఆ చక్రవర్తికి బాగుగా తెలిసియుండెను.

ఆ కూడికలో ఏమి జరుగుచుండెనో లోపలివాడు చెప్పినదియు మనకు లభించుచున్నది. క్రీ. శ. 155 ప్రాంతమున రోము నగరమున జస్టిను అను తత్త్వవేత్త చక్రవర్తికి ఒక విజ్ఞాపనము వ్రాసెను. ఆదివారమున పట్టణవాసులును పల్లెవాసులును ఒకచోట చేరుదురు. అపొస్తలుల జ్ఞాపకములనో ప్రవక్తల గ్రంథములనో చదువుదురు. అధ్యక్షుడు హితము చెప్పును. అందరును లేచి ప్రార్థింతురు. పిదప రొట్టెయు ద్రాక్షారసమును పంచుకొందురు. కలిగినవారు తమకు తోచినంత ఇత్తురు. ఆ ధనము అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలోనున్నవారికి, పరదేశులకు వినియోగమగును. ఇందు మరువరాని మాట మరియొకటి కలదు. రాలేకపోయినవారి భాగమును పరిచారకులు వారి యిండ్లకు కొనిపోవుదురని జస్టిను చెప్పెను. రానివారెవరో తెలియవలెనన్నచో వచ్చినవారు ఒకరినొకరు ఎరిగియుండవలెను గదా! కూడిక వలననే రాలేనివాడును లెక్కకు వచ్చెను.

క్రీ. శ. 303లో డయోక్లీషియను చక్రవర్తి క్రైస్తవుల కూడికలను నిషేధించి, దేవాలయములను కూల్చుడనియు గ్రంథములను దహింపుడనియు ఆజ్ఞాపించెను. మరుసటి సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలోని అబితినా అను ఊరిలో 49 మంది ఒక యింట కూడి పట్టుబడి, కార్తేజి నగరమునకు కొనిపోబడిరి. వారి ఊరి బిషపు అంతకుముందే గ్రంథములను అధికారులకు అప్పగించి తప్పుకొనియుండెను. పెద్ద తొలగినను వీరు కూడిక మానలేదు. తన యింట వారినేల చేరనిచ్చితివని న్యాయాధిపతి ఎమెరితుస్ అనువానిని ప్రశ్నించెను. వారు తన సోదరులనియు, తాను అడ్డగింపజాలననియు, ఆదివారపు కూడిక లేక తాము మనజాలమనియు ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. ఇంటనే మౌనముగా ప్రార్థించుకొనియుండినచో వారినెవరు పట్టగలిగియుందురు? ప్రాణము దక్కించుకొను మార్గము అంత సులభముగానుండియు వారు దానిని త్రొక్కలేదు.

ఇంతవరకు చెప్పినది కొలది సంవత్సరముల పరీక్ష. రెండు శతాబ్దులకు మించిన పరీక్షను గూర్చి తెలిసికొనవలెనన్నచో మనము జపాను దేశమునకు పోవలెను. ఆ కథకు మన దేశముతోడి సంబంధమును కలదు. 1542లో గోవాకు వచ్చి, దక్షిణ తీరమందలి బెస్తవారి నడుమ పనిచేసిన ఫ్రాన్సిస్ జేవియరే 1549లో జపానులోని కాగోషిమా రేవున దిగి ఆ దేశమున క్రైస్తవమును ప్రవేశపెట్టెను. ఆయన దేహము నేటికిని గోవాలోనున్నది. పదునేడవ శతాబ్ది ఆరంభము నాటికి జపాను క్రైస్తవులు మూడు లక్షల వరకుండిరని అంచనా. 1614లో తొకుగావా ప్రభుత్వము ఆ మతమును దేశమంతట నిషేధించెను. ఫాదరీలను వెడలగొట్టిరి, దాగినవారిని చంపిరి. 1644లో చివరి ఫాదరీయు హతుడయ్యెను. ప్రతి కుటుంబమును ఏదేనొక బౌద్ధాలయమున తన పేరు నమోదు చేయించుకొనవలెను. అయిదేసి కుటుంబములను ఒక గుంపుగా చేసి, ఒకరి తప్పునకు అందరిని బాధ్యులను చేసిరి. నాగసాకి ప్రాంతమున ఏటేట జనులను పిలిచి, క్రీస్తు ప్రతిమనో మరియమాత ప్రతిమనో కాలితో త్రొక్కించుచుండిరి. దాగిన క్రైస్తవులు ఆ ప్రతిమను త్రొక్కి, ఇంటికి వచ్చి పశ్చాత్తాప ప్రార్థన చేసికొనుచుండిరి.

ఫాదరీ లేడు, దేవాలయము లేదు, ముద్రిత గ్రంథము లేదు. మిగిలినదేమి? నాగసాకి ప్రక్కనున్న ఉరాకామి గ్రామమున వారు చేసికొనిన ఏర్పాటును చూడుడు. గ్రామమంతటికి 'చోకాత' అను పెద్ద యొకడు. అతడు పంచాంగమును భద్రపరచి పండుగ దినములను గణించి చెప్పును. పేటకొక 'మిజుకాత', అతడు శిశువులకు జ్ఞానస్నానమిచ్చును. ఆయా వాడలలో 'కికియాకు' అనువాడు; వినువాడని ఆ మాట కర్థము. అతడు పెద్ద చెప్పినది విని ఇంటింటికి తెలియజేయును. రాత్రివేళ ఒక యింటిలో కూడి, 'ఒరాషో' అను ప్రార్థనలను వారు మెల్లగా వల్లించుచుండిరి. లాటిను, పోర్చుగీసు, జపాను భాషల మాటలు కలిసిన ఆ ప్రార్థనలలో కొన్నింటి అర్థము క్రమముగా మరుగుపడినను, తల్లిదండ్రుల నోట విని బిడ్డలు వానిని నిలుపుకొనిరి. శవసంస్కారమునకు బౌద్ధాచార్యుడు వచ్చి మంత్రములు చదువుచుండగా, ప్రక్క గదిలో కొందరు చేరి తమ ప్రార్థనను రహస్యముగా జరుపుచుండిరి.

1865 మార్చి 17వ తేదీన, విదేశీయుల కొరకు నాగసాకిలో నూతనముగా కట్టబడిన ఔరా దేవాలయమునకు ఉరాకామి నుండి కొందరు పల్లీయులు వచ్చిరి. అందొక స్త్రీ పెతిజాఁ అను ఫ్రెంచి ఫాదరీని సమీపించి, తమ హృదయము ఆయన హృదయమువంటిదేయని మెల్లగా చెప్పి, మరియమాత ప్రతిమ ఎక్కడనున్నదని అడిగెను. తాము ఇప్పుడు దుఃఖకాలమును పాటించుచున్నామనియు వారు తెలిపిరి. అవి నిజముగా లెంతు దినములే! రెండువందల యేండ్లకు పైగా ఒక్క ఫాదరీయైనను లేకయే ఆ పల్లెవారు దినములు తప్పలేదు. ఒంటరివాడు తన విశ్వాసమును మనస్సులో దాచుకొనవచ్చును గాని, పంచాంగమును నిలుపుటకు గణించువాడును, చెప్పువాడును, వినువాడును కావలెను.

కథ అంతటితో సుఖాంతము కాలేదు. 1867లో వారు మరల పట్టుబడిరి. ఉరాకామికి చెందిన సుమారు 3,400 మందిని దేశపు నానా మూలలకు ప్రవాసము పంపిరి. అందు ఆరువందలకు పైగా మరణించిరి. 1873లో నిషేధము తొలగగా మిగిలినవారు తిరిగివచ్చి, తమ పెద్దలు ఏటేట ప్రతిమను త్రొక్కవలసివచ్చిన గ్రామాధికారి యింటి స్థలమునే కొని ఆరాధనా స్థలము చేసికొనిరి. అక్కడ 1895లో ఆరంభించి కట్టిన మహాదేవాలయము 1945 ఆగస్టు 9న అణుబాంబునకు కూలినది. ఆ సంఘమున వేలకొలది జనులు మరణించిరి. ఆ డిసెంబరులో క్రిస్మసు ముందటి రాత్రి, శిథిలములనుండి వెలికితీసిన గంటను మ్రోగించి శేషించినవారిని పిలిచిరి. 1959లో దేవాలయమును మరల నిర్మించిరి.

ఈ చరిత్రలో మరియొక పాయ కలదు. నిషేధము తొలగిన పిమ్మట కూడ ఇకిత్సుకి మున్నగు ద్వీపములలో కొందరు పూర్వుల రహస్య పద్ధతినే పాటించుచు విడిగా నిలిచిరి. వారినెవరును హింసింపలేదు. కాని యువకులు ఉద్యోగములకై నగరములకు తరలిపోగా, పెద్దల పదవులు స్వీకరించువారు లేక వారి బృందములు ఒక్కొక్కటే విడిపోయినవి. కత్తి చేయలేని పనిని, కూడువారు లేమి చేసినది.

కూడిక సులభమని నేను చెప్పుట లేదు. క్రీ. శ. 55 ప్రాంతముననే కొరింథు సంఘమున కలవారు ముందుగా భుజింపగా పేదలు ఆకలితోనుండిరని పౌలు మందలింపవలసివచ్చెను. ఇంటనుండి వినువానికి ఈ చిక్కు లేదు. అతని ప్రక్కన ఎవ్వరును కూర్చుండరు. కూడికకు వచ్చువానికో, తాను ఎన్నుకొనని మనుష్యుడు ప్రక్కన కూర్చుండును. మన తెలుగునాట ఈ సంగతి ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. 1854 నూతన సంవత్సరపు ఉదయమున ఒంగోలు కొండపై జూయెట్ దంపతులును కొలదిమంది తెలుగు క్రైస్తవులును ప్రార్థించిరి. 1878 జూలై 3న, ఆ ఊరికి సమీపమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు ఊరికి వెలుపల ఉంచబడిన మాదిగ కుటుంబములవారు. ఊరి సభలో చోటులేనివారికి ఆదివారపు కూడికలో పేరును చోటును కలిగెను. అయినను దక్షిణ దేశమున కొన్ని దేవాలయములలో కులమునుబట్టి వేరు వేరుగా కూర్చుండిన కాలమును కలదు. ఆ దోషము దాగక బయటపడినదియు కూడికలోనే, దిద్దుకొనవలసినదియు అక్కడనే.

కావున రేడియో ముందు కూర్చుండి ఆరాధనను వినెడి వృద్ధుల, రోగుల భాగ్యమును తక్కువ చేయరాదు. అది జస్టిను చెప్పిన పరిచారకుడు ఇంటికి తెచ్చిన భాగము వంటిది. అయితే ఆ భాగము వచ్చుటకు ముందు ఎక్కడనో ఒక బల్లచుట్టు కొందరు కూడియుండవలెను. వారిలో ఒకడైనను, నేడు రానివాడెవడని చుట్టును చూచియుండవలెను. కాళ్లలో సత్తువగలవారు ఆ బల్లయొద్దకు పోవుటయు, తిరిగివచ్చునప్పుడు రాలేకపోయినవారి గడప త్రొక్కుటయు ఈ చరిత్ర మనకు నేర్పుచున్న కర్తవ్యము.