లైనక్స్‌లో సౌండ్ ఎందుకు రాదు, స్క్రీన్ ఎందుకు నల్లబడుతుంది? ముప్పై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ అడిగింది మీరే. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పటి నుంచి పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుంటున్నవాళ్లు బాగా పెరిగారు. విండోస్ 11కి పనికిరాదన్న మిషన్ లైనక్స్‌తో శుభ్రంగా నడుస్తోంది. వైఫై వస్తుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది. హమ్మయ్య అనుకుని ఒక పాట పెడితే, సౌండ్ లేదు! సెట్టింగ్స్‌లోకి వెళ్తే స్పీకర్ పేరు ఉండాల్సిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఉంటుంది. ఇంకొందరికి అంతదాకా కూడా రాదు, ఇన్‌స్టాల్ మొదలవగానే స్క్రీన్ నల్లగా అయిపోతుంది.

అప్పుడు వెతుకుతాం. ఇరవై సలహాలు దొరుకుతాయి. ఒకాయన పల్స్‌ఆడియోని పీకేయమంటాడు. ఇంకొకాయన ‘నోమోడ్‌సెట్’ పెట్టమంటాడు. వేరొకరు వేల్యాండ్ ఆపేయమంటారు. వరుసగా అన్నీ కొట్టుకుంటూ పోతే ఉన్నది కూడా ఊడుతుంది. చివరికి లాప్‌టాప్ అటక ఎక్కుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ సలహాల్లో చాలావరకు అబద్ధాలు కావు. ఒక్కోటి ఒక్కో కాలంలో నిజం. మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, ఇంటర్నెట్ సలహా మీద ఉండదు. ఆ డేట్ మనమే వేసుకోవాలంటే చరిత్ర తెలియాలి.

బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. మేం వాడిన సర్వర్లన్నీ లైనక్సే. వాటికి స్పీకర్లు లేవు, ముందు మానిటర్ కూడా లేదు. లైనక్స్ సర్వర్లలో అంత సాఫీగా, డెస్క్‌టాప్‌లో ఇంత గొడవగా ఉండటానికి ఒక పెద్ద కారణం అక్కడే ఉంది. సౌండ్, డిస్‌ప్లే రెండూ హార్డ్‌వేర్ కంపెనీలతో నేరుగా ముడిపడ్డ విషయాలు.

ఊరంతటికీ ఒకే మైకు

లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ గురించి ప్రపంచానికి చెప్పింది 1991 ఆగస్టులో. మరుసటి ఏడాదికే, ఫిన్లాండ్‌కే చెందిన హన్ను సావోలైనెన్ అనే ప్రోగ్రామర్ సౌండ్ బ్లాస్టర్ కార్డుకి డ్రైవర్ రాశాడు. అది పెరిగి ఓపెన్ సౌండ్ సిస్టమ్, అంటే ఓఎస్ఎస్ అయింది. యూనిక్స్ పద్ధతిలో అన్నీ ఫైళ్లే కదా. సౌండ్ కార్డు కూడా ఒక ఫైల్‌లా కనిపించేది. అందులోకి డేటా రాస్తే స్పీకర్ మోగేది. ఎంత సింపుల్!

చిక్కల్లా ఏంటంటే, ఆ ఫైల్‌ని ఒక ప్రోగ్రామ్ పట్టుకుంటే, చౌక కార్డుల్లో ఇంకో ప్రోగ్రామ్‌కి అవకాశం ఉండేది కాదు. ఊళ్లో ఒకే మైకు ఉంటే ఎవరి చేతికి దొరికితే వాళ్లదే మాట. పాటల ప్లేయర్ తెరిచి ఉంటే గేమ్‌లో సౌండ్ రాదు.

తర్వాత చెక్ ప్రోగ్రామర్ యారోస్లావ్ కైసెలా వచ్చాడు. ఆయన దగ్గర గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు ఉండేది. దాని డ్రైవర్‌తో మొదలైన పని 1998 నాటికి ఆల్సా అనే ప్రాజెక్ట్ అయింది. 2002లో డెవలప్‌మెంట్ కెర్నల్‌లోకి వెళ్లింది, 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నల్‌తో మామూలు జనానికి చేరింది.

ఆల్సాతో ఒక ప్రసిద్ధమైన తలనొప్పి కూడా వచ్చింది. మొదటిసారి లోడ్ అయినప్పుడు ఛానెళ్లన్నీ మ్యూట్‌లో ఉండేవి. డ్రైవర్ బాగుంటుంది, కార్డు బాగుంటుంది, సౌండ్ మాత్రం ఉండదు. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిస్తే ఛానెల్ కింద రెండు ‘ఎం’లు కనిపిస్తాయి. కీబోర్డ్‌లో ‘ఎం’ నొక్కితే మ్యూట్ పోతుంది. ఇరవై ఏళ్లు దాటిన ఈ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. ఎందుకంటే పైన ఎన్ని మారినా అడుగున ఉన్నది ఇవాళ్టికీ ఆల్సానే. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం.

అదే చిప్పు, వేరే వైరింగు

2004లో ఇంటెల్ ‘హై డెఫినిషన్ ఆడియో’ అనే స్టాండర్డ్ తెచ్చింది. ఇక అన్ని లాప్‌టాప్‌లకీ ఒకే డ్రైవర్ సరిపోతుందని అనిపిస్తుంది. సగమే నిజం. కంట్రోలర్‌కి స్టాండర్డ్ వచ్చింది గానీ, దాని వెనకున్న కోడెక్ చిప్పు నుంచి ఏ పిన్ను స్పీకర్‌కి వెళ్లాలి, ఏది హెడ్‌ఫోన్‌కి, ఏది మైక్‌కి అన్నది లాప్‌టాప్ తయారీదారు ఇష్టం. ఆ వివరం బయోస్ సరిగ్గా చెప్పాలి. చాలాసార్లు తప్పు చెబుతుంది, లేదా సగమే చెబుతుంది. విండోస్‌కైతే కంపెనీ తన సొంత డ్రైవర్‌లో ఆ తప్పుని సర్దేసుకుంటుంది. లైనక్స్‌కి ఎవరు సర్దాలి?

దీనికోసం కెర్నల్‌లో ఒక పెద్ద పట్టిక ఉంది. ఈ మోడల్ అయితే ఈ పిన్ను మార్చు, ఆ మోడల్ అయితే ఫలానా సెట్టింగ్ వాడు, ఇలా లైను తర్వాత లైను. ఏళ్ల తరబడి దాన్ని చూసుకుంటున్నవాళ్లలో ముఖ్యుడు సూసే కంపెనీలో పనిచేసే తకాషి ఇవాయ్. మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లోనూ మీ లాప్‌టాప్‌లోనూ ఒకే రియల్‌టెక్ చిప్పు ఉన్నా, వాడికి సౌండ్ వచ్చి మీకు రాకపోవడానికి ఇదొక కారణం. వాడి మోడల్ పట్టికలో ఉంది, మీది ఇంకా లేదు.

తిట్లు తిన్న పల్స్‌ఆడియో

ఆల్సా వచ్చినా ఆ ‘ఒకే మైకు’ సమస్య పూర్తిగా పోలేదు. అందరి సౌండ్‌నీ కలిపి కార్డుకి పంపే మధ్యవర్తి కావాలి. గ్నోమ్ వాళ్లు ఈఎస్‌డీ అనేదాన్ని వాడారు, కేడీఈ వాళ్లు ఆర్ట్స్ అనేదాన్ని. ఇద్దరు మధ్యవర్తులైతే మళ్లీ గొడవే కదా.

2004లో లెనార్ట్ పొట్టరింగ్ ఒక కొత్త సౌండ్ సర్వర్ మొదలుపెట్టాడు. మొదట దాని పేరు పాలిప్ఆడియో, 2006లో పల్స్‌ఆడియో అయింది. ఒక్కో యాప్‌కి వేరే వాల్యూమ్, పాట మోగుతుండగానే స్పీకర్ నుంచి హెడ్‌సెట్‌కి మార్చడం లాంటివి మామూలు యూజర్‌కి అందించింది ఇదే. 2007 నవంబర్‌లో ఫెడోరా 8లో, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04లో డిఫాల్ట్ అయింది.

అప్పుడు మొదలైంది రచ్చ. చిటపటలు, మధ్యమధ్యలో ఆగిపోవడం. జనం పల్స్‌ఆడియోని తిట్టని తిట్టు లేదు. అసలు జరిగింది కొంచెం వేరే. కరెంటు ఆదా కోసం, సౌండ్ కార్డు పదేపదే లేపకుండా, పల్స్‌ఆడియో సిస్టమ్ టైమర్‌ని నమ్ముకుంది. దానికి ‘పాట ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది’ అని డ్రైవర్‌ని కచ్చితంగా అడగాలి. అంతకుముందు ఎవరూ అంత గట్టిగా అడగలేదు కాబట్టి, తప్పుడు జవాబిచ్చే డ్రైవర్లు ఏళ్లపాటు దొరక్కుండా తిరిగాయి. ఇప్పుడు దొరికాయి. ఉబుంటు హడావిడిగా పెట్టిందన్న విమర్శలోనూ న్యాయం ఉంది. కానీ ఆ దెబ్బతోనే చాలా డ్రైవర్లు బాగుపడ్డాయి.

‘పల్స్‌ఆడియో పీకేయండి’ అన్న సలహా ఆ రోజులది. ఇవాళ దాన్ని పాటిస్తే బాగయ్యేది ఏమీ ఉండదు. పైగా డెస్క్‌టాప్‌కి అవసరమైన ప్యాకేజీలు కూడా దాని వెంట ఊడిపోవచ్చు.

నల్ల స్క్రీన్ వెనక

ఇప్పుడు డిస్‌ప్లే. ఎక్స్ విండో సిస్టమ్ 1984లో అమెరికాలోని ఎంఐటీలో, ప్రాజెక్ట్ అథీనా రోజుల్లో పుట్టింది. 1987లో వచ్చిన 11వ వెర్షనే ఎక్స్11. అంటే ఇది లైనక్స్ కంటే పెద్దది, నాకంటే కూడా పెద్దది! పీసీల మీదికి దాన్ని తెచ్చింది ఎక్స్‌ఫ్రీ86. ఆ కాలంలో మానిటర్ రిఫ్రెష్ రేట్లు కాన్ఫిగ్ ఫైల్‌లో చేత్తో రాయాలి. తప్పు అంకె వేస్తే మానిటర్ పాడవచ్చని డాక్యుమెంట్లలోనే హెచ్చరిక ఉండేది. 2004లో లైసెన్స్ మార్పు మీద గొడవై, చాలామంది ఎక్స్.ఆర్గ్ వైపు వచ్చేశారు.

అప్పట్లో గ్రాఫిక్స్ కార్డుని ఎక్స్ సర్వరే రూట్ అధికారంతో నేరుగా ముట్టుకునేది. ఆ పనిని కెర్నల్ చేతికి ఇవ్వడమే కెర్నల్ మోడ్ సెట్టింగ్. 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నల్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ముందు వచ్చింది.

‘నోమోడ్‌సెట్’ అర్థం ఇప్పుడు తెలిసిపోతుంది. ‘ఆ పని నువ్వు చేయొద్దు’ అని కెర్నల్‌కి చెప్పడం. అది పెడితే నల్ల స్క్రీన్ పోయి బొమ్మ వచ్చిందంటే, లోపం కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర ఉందని తేలింది. అంటే అది టెస్టు, ట్రీట్‌మెంట్ కాదు. చాలామంది దాన్ని అలాగే ఉంచేసి, కొన్నాళ్లకి రిజల్యూషన్ తక్కువగా ఉంది, బ్రైట్‌నెస్ మారట్లేదు, రెండో మానిటర్ కనిపించట్లేదు అని అడుగుతారు. ఇవన్నీ ఆ ఒక్క మాట వల్లే కావచ్చు.

ఎన్విడియా కథ వేరు. వాళ్ల డ్రైవర్ సోర్స్ కోడ్ చాలాకాలం మూసి ఉంది. వాలంటీర్లు రివర్స్ ఇంజినీరింగ్ చేసి నూవో డ్రైవర్ రాసుకున్నారు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఎన్విడియాకి మధ్యవేలు చూపించాడు, ఆ వీడియో మీరు చూసే ఉంటారు. 2022 మేలో ఆ కంపెనీ కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది. అయినా మన దగ్గరున్న పాత కార్డులు చాలావాటికి అది వర్తించదు. బయటి మాడ్యూల్ కాబట్టి కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ బిల్డ్ కావాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దానికి సంతకం కూడా కావాలి. ఉబుంటులో డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో ఒక నీలం స్క్రీన్ వస్తుంది చూడండి, అక్కడ కంగారుగా ‘కంటిన్యూ’ కొట్టేస్తారు. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఆ డ్రైవర్ లోడ్ కాదు.

రెండు కథలు కలిసిన చోటు

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేల్యాండ్ మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లో ఒక ఊరి పేరది. ఎక్స్11లో ఒక యాప్ టైప్ చేసేది ఇంకో యాప్ గమనించగలదు, స్క్రీన్ మొత్తం చదవగలదు. బ్యాంక్ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. వేల్యాండ్ ఆ దారి మూసేసింది. దాంతోపాటు స్క్రీన్ షేరింగ్ కూడా మూసుకుపోయింది. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాళ్లకి నల్లగా కనిపించేది.

ఆ గోడకి తాళం ఉన్న తలుపు పెట్టిన పనిలో పెద్ద భాగం రెడ్ హ్యాట్‌లో పనిచేసే విమ్ టేమాన్స్‌ది. ఆయన పైప్‌వైర్ వీడియో కోసమే పుట్టింది. యాప్ అడగాలి, మీరు ఒప్పుకోవాలి, అప్పుడే బొమ్మ వెళ్తుంది. తర్వాత సౌండ్ కూడా దానికే అప్పగించారు. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబర్‌లో ఉబుంటు 22.10 పల్స్‌ఆడియో స్థానంలో పైప్‌వైర్‌ని పెట్టాయి. పాత యాప్‌లతో పల్స్‌ఆడియో భాషలోనే మాట్లాడుతుంది కాబట్టి చాలామందికి మార్పు తెలియనే లేదు.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

కింది నుంచి పైకి రండి, అంతే. సౌండ్ రాకపోతే ముందు ‘ఏప్లే’ కమాండ్‌తో కార్డుల లిస్టు చూడండి. అందులో కార్డే లేకపోతే పైన పైప్‌వైర్‌ని ఎంత గోకినా లాభం లేదు. ఈ మధ్యకాలపు ఇంటెల్ లాప్‌టాప్ అయితే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. అది లేకపోయినా ‘డమ్మీ అవుట్‌పుట్’ వస్తుంది. కార్డు ఉంటే ఆల్సామిక్సర్‌లో మ్యూట్ చూడండి. ఆ తర్వాత సౌండ్ హెచ్‌డీఎంఐకి పోతోందా, స్పీకర్‌కి పోతోందా అని పావుకంట్రోల్‌లో చూడండి. ఇవన్నీ బాగున్నాకే పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ సర్వీసులు రీస్టార్ట్ చేయండి. అవి మీ యూజర్ కింద నడిచేవి, సుడో పెట్టకండి.

స్క్రీన్‌కీ అదే వరుస. అప్‌డేట్ తర్వాత నల్లబడితే, గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. పాతదానితో వస్తే దోషి ఎవరో తెలిసినట్టే. కొత్తగా వేసేటప్పుడు నల్లబడితే నోమోడ్‌సెట్‌తో లోపలికి వెళ్లి, సరైన డ్రైవర్ వేసి, దాన్ని తీసేయండి. లాగిన్ దాకా వచ్చి అక్కడ తేడా చేస్తే, సెషన్ వేల్యాండ్ నుంచి ఎక్స్.ఆర్గ్‌కి మార్చి చూడండి. ఆ దారి కూడా మూసుకుపోతోంది, ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఎక్స్.ఆర్గ్ సెషన్ లేదు. కాబట్టి ‘వేల్యాండ్ ఆపేయండి’ అన్న సలహాకీ ఎక్స్‌పైరీ దగ్గరపడింది.

ఇవన్నీ చేసినా రాకపోతే? అప్పుడు మీది ఆ పట్టికలో లేని మోడల్ కావచ్చు. ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్ట్ నడిపితే మీ కోడెక్ వివరాలన్నీ ఒక ఫైల్‌లోకి వస్తాయి. దాన్ని జతచేసి మీ డిస్ట్రోకి బగ్ రిపోర్ట్ పెట్టండి. పట్టికలోని లైన్లలో చాలావాటి వెనక ఇలాగే సౌండ్ రాక విసుగెత్తి, అయినా ఓపిగ్గా వివరాలు పంపిన మనిషి ఒకరున్నారు. కెర్నల్‌లో ఆ లైను చేరితే, ఎప్పుడో ఎక్కడో అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న స్టూడెంట్‌కి మొదటి రోజే పాట వినిపిస్తుంది. ఎందుకు వచ్చిందో తనకి తెలియను కూడా తెలియదు.

మీ లాప్‌టాప్ మోడల్, డిస్ట్రో వెర్షన్, ‘ఏప్లే’ ఏం చూపించిందో కామెంట్‌లో రాయండి. ఊరికే ‘సౌండ్ రావట్లేదు బ్రో’ అంటే నేనూ ఏం చెప్పలేను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.