అడవి లెక్క ఎవరి చేతిలో?

మన గూడేల్లో డిగ్రీ పూర్తి చేసిన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. తర్వాత ఏం చదవాలంటే మన ఆలోచన బి.ఇడి., గ్రూప్స్, పోలీసు ఉద్యోగం దగ్గరే ఆగిపోతోంది. అడవిని, అడవి వ్యాపారాన్ని నిర్వహించడం నేర్పే పి.జి. చదువు కూడా ఒకటుంది. అది ఎలా పుట్టిందో, మన పెద్దల చరిత్రతో దానికి సంబంధమేమిటో తెలుసుకోవడం మనకు అవసరం.

మన దేశంలో అటవీ శాఖ 1864లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి జర్మనీకి చెందిన డీట్రిచ్ బ్రాండిస్. 1865లో ఒక అటవీ చట్టం, 1878లో మరింత గట్టి చట్టం, మన మద్రాసు రాష్ట్రానికి 1882లో వేరే చట్టం వచ్చాయి. 1878లోనే డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూలు పెట్టారు. పెద్ద అధికారులు ఐరోపాలో చదివి వచ్చేవారు. ఆ చదువుకు ముఖ్యమైనది కలప. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు టేకు, సాల్, దేవదారు కావాలి. ఎన్ని చెట్లున్నాయి, ఏ ఏడాది ఎన్ని కొట్టాలి అనేదే అక్కడి లెక్క. మనల్ని బతికించే చింతపండు, కరక్కాయ, తేనె, ఇప్పపువ్వు, తపసి జిగురు ఆ లెక్కలో 'చిల్లర ఫలసాయం' అయిపోయాయి.

మరోవైపు సంతలో ఇంకో లెక్క నడిచేది. 1879 రంప తిరుగుబాటుకు కారణాలు చూడండి. కల్లు మీద వేసిన చిగురు పన్ను ఉంది, అటవీ ఆంక్షలు ఉన్నాయి. వాటితోపాటు మైదాన ప్రాంత వ్యాపారుల పత్రాలు కూడా ఉన్నాయి. మనవాళ్లకు చదవడం రాని కాగితాల మీద ఒప్పందాలు రాయించుకుని, కోర్టులో ఏకపక్ష డిక్రీలు తెచ్చి పశువులను తోలుకుపోయేవారు. అంటే మన పెద్దలు తుపాకీ కంటే ముందు కాగితం చేతిలో ఓడిపోయారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం, రంప కొండలు లేచినా, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చినా, ఆ పోరాటాల వెనుక ఉన్నది ఈ అడవి మీద హక్కే.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జి.సి.సి. అనేది, ఏర్పడింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే అధికారం ఆ సంస్థకే దక్కింది. సావుకారు పట్టు సడలడానికి ఇది ఉపయోగపడింది. ఆ మేలును మనం మరవకూడదు. కానీ సేకరణ మనది, ధర నిర్ణయం ఆఫీసుది అనే పద్ధతి మాత్రం మిగిలిపోయింది.

సరిగ్గా ఈ కాలంలోనే చదువు కూడా మారింది. 1982లో భోపాల్‌లో భారతీయ అటవీ నిర్వహణ సంస్థ, అంటే ఐ.ఐ.ఎఫ్.ఎం., ఏర్పడింది. స్వీడన్ ప్రభుత్వ సంస్థ సిడా నిధులిచ్చింది. పాఠ్యక్రమానికి అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. తోడ్పడింది. 1988లో అక్కడ రెండేళ్ల పి.జి. డిప్లొమా మొదలైంది. అదే ఏడాది వచ్చిన జాతీయ అటవీ విధానం, అడవి మొదట అక్కడి ప్రజల అవసరాలు తీర్చాలని, పరిశ్రమల అవసరాలు ఆ తర్వాతేనని చెప్పింది. కలప లెక్క ఒక్కటే చాలదని, అకౌంట్స్, మార్కెటింగ్, చట్టం, పల్లె ప్రజలతో కలిసి పనిచేయడం కూడా రావాలని ఆ చదువు గుర్తించింది. ఏ డిగ్రీ చదివినవారైనా క్యాట్ వంటి ప్రవేశ పరీక్ష రాసి అందులో చేరవచ్చు. ఎస్.టి. విద్యార్థులకు 7.5 శాతం సీట్లు ఉంటాయి. డిగ్రీ స్థాయిలోనే మొదలు పెట్టాలనుకునేవారికి సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల ఉంది.

ఇక చట్టం మన వైపు తిరిగింది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఫలసాయం మీద యాజమాన్యాన్ని మనకు, మన గ్రామసభకు ఇచ్చాయి. వెదురు, తునికాకు కూడా అందులోకి వచ్చాయి. గడ్చిరోలి జిల్లాలోని మెండా-లేఖా అనే గోండు గ్రామం సామూహిక హక్కు పత్రం సాధించి, 2011లో రవాణా పర్మిట్ పుస్తకం తన చేతికే తెచ్చుకుని వెదురు అమ్ముకుంది. అయితే హక్కు పత్రం వచ్చిన మరుక్షణం కొత్త పని మొదలవుతుంది. ఎంత కోయాలి, ఎంత మిగల్చాలి? టెండరు ఎలా పిలవాలి? కూలి పోను లాభం ఎంత, దాన్ని ఎలా పంచాలి? పుస్తకం ఎవరు రాయాలి?

తపసి జిగురునే తీసుకోండి. చెట్టుకు లోతుగా గాటు పెడితే చెట్టు చచ్చిపోతుంది. జాగ్రత్తగా తీసి, బెరడు ముక్కలు లేకుండా శుభ్రం చేస్తే తెల్లని జిగురుకు మంచి గ్రేడు, మంచి ధర వస్తాయి. చెట్టును కాపాడే పద్ధతి, గ్రేడింగు, బేరం మూడూ ఒకే చదువులోని మూడు పాఠాలు. వీటిలో మొదటిది మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేదు. మిగిలిన రెండూ ఇన్నాళ్లూ పరాయి చేతుల్లో ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ చదువు చదివినవారిని కంపెనీలు, బ్యాంకులు, కన్సల్టెన్సీలు పిలుచుకుంటాయి. అక్కడికి వెళ్లడం తప్పు కాదు, ఇంటికి జీతం కావాలి. కానీ అడవిని కొనేవారి వైపు మాత్రమే చదువుకున్నవారు ఉండి, అడవిని కాపాడేవారి వైపు ఒక్కరూ లేకపోతే, రంపలో కాగితం చేసిన పనే ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు ఈ ప్రవేశ పరీక్ష గురించి ఇప్పుడే ఆరా తీయండి. చదవలేని పరిస్థితి ఉన్నవారు మీ గ్రామసభ లెక్కల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి, లేకపోతే మొదలు పెట్టండి. మన తాతలు హక్కు కోసం ప్రాణాలిచ్చారు. ఆ హక్కును నిలబెట్టే లెక్క రాయడం మన తరం పని.