హీరో హోండా

తెలుగునాట మోటారుసైకిలుకు దాదాపు మారుపేరైన ‘హీరో హోండా’ రెండు దేశాల మాటల జంట. ‘హీరో’ అనేది ముంజాల్ సోదరులు 1956లో లూధియానాలో ప్రారంభించిన సైకిళ్ల సంస్థ పేరు కాగా, ‘హోండా’ అనేది 1948లో జపానులో తన సంస్థను స్థాపించిన సోయిచిరో హోండా ఇంటిపేరు. జపాను భాషలో ‘హోన్’ అంటే మూలం, ‘తా’ అంటే వరిమడి. సమాసంలో ఈ ‘తా’ ‘దా’గా మారే తీరు, అన్న, తమ్ముడు కలిసి ‘అన్నదమ్ములు’ అయ్యే గసడదవాదేశాన్ని, అంటే క, చ, ట, త, ప అనే పరుషాలు గ, స, డ, ద, వలుగా మారే సంధిని, ముచ్చటగా తలపిస్తుంది. ఆ ‘దా’ ఇంగ్లీషు మీదుగా తెలుగుకు చేరేసరికి ‘డా’ అయింది.

ఈ సంస్థలు 1984లో చేతులు కలిపి మరుసటి ఏడు విడుదల చేసిన సీడీ 100, పెట్రోలులో ఆయిలు కలిపి పోయించుకునే టూ-స్ట్రోక్ స్కూటర్ల కాలంలో, ఆయిలును ఇంజనులోనే విడిగా నిలుపుకొని తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే ఫోర్-స్ట్రోక్ బండిగా నిజంగా కొత్త వస్తువు. కుర్రకారు మనసును మాత్రం అదే 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 దోచుకుంది. వారికోసమే హీరో హోండా 1999లో సీబీజెడ్‌ను, 2003లో కరిజ్మాను తెచ్చింది.

భాగస్వామ్యం ముగిసి 2011లో సంస్థ హీరో మోటోకార్ప్‌గా మారినా, నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటెక్కే స్ప్లెండర్‌ను హీరో హోండా అనేవారు నేటికీ ఉన్నారు.