ఆడపిల్లల చదువుకు దంపతుల పునాది
విజయవాడ మాంటిస్సోరి విద్యాసంస్థల ప్రస్థానం

విజయవాడ: ఆంధ్ర రాష్ట్రం అవతరించి అప్పటికి రెండేళ్లు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో స్త్రీల అక్షరాస్యత 9 శాతానికి మించలేదు. అటువంటి రోజుల్లో, 1955లో, వి.వి.కృష్ణారావు, కోటేశ్వరమ్మ దంపతులు విజయవాడలో మాంటిస్సోరి పాఠశాలను నెలకొల్పారు. ఒక కుటుంబం చేపట్టిన ఈ కార్యం కాలక్రమంలో ఉన్నత పాఠశాలగా, మహిళా కళాశాలగా విస్తరించి, కృష్ణా డెల్టాలో బాలికల విద్యకు ఆలంబనగా నిలిచింది.

డెల్టాలో విద్యా వికాసం

1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా గ్రామాలకు కాలువల నీరు అందింది. పంటల రాబడి పెరిగిన కొద్దీ పిల్లలను చదివించాలన్న కాంక్ష కూడా బలపడింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లోనే ఆంగ్ల పాఠశాల ప్రారంభించారు. జాతీయోద్యమ స్ఫూర్తితో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో అదే పట్టణంలో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. విజయవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1953లో ఆంధ్ర లయోలా కళాశాల ఏర్పడ్డాయి.

మిషనరీలు, జాతీయ నాయకులు, జమీందారులు, దాతలు నిర్మించిన ఈ వరుసలో మధ్యతరగతి దంపతులు తమ పూనికతో స్థాపించిన పాఠశాలకు ప్రత్యేక స్థానముంది. విజయవాడలో మేరీస్ స్టెల్లా మహిళా కళాశాల 1962లో వచ్చింది. అంతకు ఏడేళ్ల ముందే మాంటిస్సోరి పాఠశాల ఆరంభమైంది.

గోసాల నుంచి పద్మశ్రీ దాకా

కోటేశ్వరమ్మ 1925లో విజయవాడ సమీపంలోని గోసాల గ్రామంలో జన్మించారు. పల్లెటూరి ఆడపిల్ల ఉన్నత విద్య అభ్యసించడం అరుదైన ఆ కాలంలో ఆమె చదువుకుని ఉపాధ్యాయ వృత్తిని ఎన్నుకున్నారు. ఆపై డాక్టరేట్ సాధించారు. ఆమె స్థాపకురాలిగానే ఉండిపోలేదు. ప్రధానోపాధ్యాయినిగా పాఠశాల దైనందిన బాధ్యతలను స్వయంగా మోశారు. విద్యారంగంలో ఆమె కృషికి గుర్తింపుగా భారత ప్రభుత్వం 2017లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. తొమ్మిది పదులు దాటిన వయసులో, 2019లో ఆమె కన్నుమూశారు.

పేరు వెనుక పద్ధతి

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో మొదటి శిశు గృహాన్ని తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై కుమారుడు మారియోతో కలిసి ఆమె మద్రాసు చేరుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయి, అడయారు తదితర చోట్ల వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. అప్పట్లో విజయవాడ కూడా మద్రాసు రాష్ట్రంలో భాగమే.

పిల్లవాడు చూసి, తాకి, చేసి నేర్చుకోవాలన్నది ఈ పద్ధతి సారాంశం. గరుకు కాగితంతో చేసిన అక్షరాలపై వేలు తిప్పుతూ రాత నేర్చుకుంటాడు. గులాబీ రంగు దిమ్మెలను పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చుతూ పరిమాణాన్ని గ్రహిస్తాడు. వరుస తప్పితే వస్తువే ఆ సంగతి తెలుపుతుంది గనుక ఉపాధ్యాయుడు మందలించనక్కరలేదు. బెత్తానికి, బట్టీకి అలవాటుపడిన నాటి బడులకు ఇది కొత్త తోవ.

చదువు మధ్యలో ఆగకుండా

ఆడపిల్లలను ప్రాథమిక విద్యతోనే ఇంట్లో కూర్చోబెట్టడం నాడు పల్లెల్లో సర్వసాధారణం. ఊరు దాటి పంపడానికి తల్లిదండ్రులు జంకేవారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1958లో కేంద్రం నియమించిన జాతీయ స్త్రీ విద్యా సంఘం కూడా బాలురకు, బాలికలకు మధ్యగల అంతరాన్ని ప్రధాన సమస్యగా చూపింది. తెలిసిన యాజమాన్యం కింద, మహిళలే నడిపే ప్రాంగణంలో డిగ్రీ వరకు చదివే వీలుంటే తల్లిదండ్రుల సంకోచం చాలావరకు తీరుతుంది. మాంటిస్సోరి మహిళా కళాశాల ఏర్పాటు ప్రాధాన్యం ఇక్కడే ఉంది. 2011 నాటికి దేశంలో స్త్రీల అక్షరాస్యత సుమారు 65 శాతానికి చేరింది. ఈ ప్రగతిలో ప్రభుత్వ బడులతోపాటు ఇటువంటి సంస్థల పాత్రా కాదనలేనిది.

వారసత్వమే పరీక్ష

కుటుంబం స్థాపించినా పాఠశాల సొంత ఆస్తి వంటిది కాదు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి, గుర్తింపు తప్పనిసరి. విస్తరణకు తగిన మిగులు ఉండవచ్చుగానీ విద్యతో లాభార్జన కూడదని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ.పాయ్ కేసులో స్పష్టం చేసింది.

వ్యయభారం మరో సమస్య. ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహా ప్రభుత్వానికి అప్పగించాలని, లేదా ఎయిడెడ్ సిబ్బందిని వదులుకుని ప్రైవేటుగా కొనసాగాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించడంతో విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. ఆ చర్చలో విజయవాడ మాంటిస్సోరి పేరు కూడా వినిపించింది. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం ఈ విషయాన్ని సంస్థల ఐచ్ఛికానికి వదిలింది.

స్థాపకుల దీక్షతో, సర్కారు గ్రాంటుతో దశాబ్దాలపాటు నడిచిన బడులు డెల్టాలో ఇంకా ఎన్నో ఉన్నాయి. మొదటి తరం కనుమరుగై, గ్రాంటు తగ్గిపోతే నష్టపోయేది పెద్ద ఫీజులు కట్టలేని ఇళ్ల పిల్లలే. అందులోనూ ముందుగా చదువు మానేది ఆడపిల్లలే. 1955లో ఆ దంపతులు తలకెత్తుకున్న సమస్య కూడా అదే.