ఎంకా (జపాను వియోగ గీతం)

ప్రేమ విఫలం కావడం, ప్రియుల ఎడబాటు, పుట్టిన ఊరికి దూరమైన వారి బెంగ ప్రధాన వస్తువులుగా గల జపాను జనరంజక గీతశాఖకు ఎంకా అని పేరు. ఐదు స్వరాల బాణీ, గొంతును మలుపులు తిప్పి వణికించే గానపద్ధతి, పాశ్చాత్య వాద్యబృందానికి తోడుగా అక్కడక్కడ షమిసెన్ (మూడు తీగల వాద్యం), షకుహాచి (వెదురు పిల్లనగ్రోవి) వంటి దేశీయ వాద్యాల వాడుక దీని బాహ్య లక్షణాలు. ఈ గీతాలను జపానీయుల హృదయస్పందనగా భావించే అలవాటు ఆ దేశంలో బలంగా ఉన్నప్పటికీ, వీటికి ప్రత్యేక శాఖగా గుర్తింపు లభించింది 1960ల చివరి నుంచేనని ఇటీవలి పరిశోధన సూచిస్తున్నది.

పుట్టుక

ఎంకా అనే పేరు మేజీ యుగం నాటిది. 1880లలో పౌరహక్కుల ఉద్యమం సాగుతున్నప్పుడు బహిరంగ ప్రసంగాలపై ఆంక్షలు రాగా, ఉద్యమకారులు తమ విమర్శను పాటగా కట్టి వీధుల్లో వినిపించి, ఆ పాటల ప్రతులను అమ్మేవారని, ప్రసంగానికి మారుగా వచ్చిన పాట కనుక దానికి ఆ పేరు స్థిరపడిందని సాధారణంగా చెబుతారు. ఉద్యమం చల్లారిన తరువాత వీధి గాయకుల పాటల్లోకి లోకవార్తలు, హాస్యం, ప్రేమ విషాదాలు చేరాయి. వారిలో సొయెదా అజెంబో (1872–1944) సుప్రసిద్ధుడు.

నేటి ఎంకాకు ఆ వీధిపాటలతో ఉన్న పోలిక బాణీలో కన్నా పేరులోనే ఎక్కువ. బాణీకి పూర్వరూపం, టాల్‌స్టాయ్ ‘రిసరెక్షన్’ నవల ఆధారంగా 1914లో ప్రదర్శించిన నాటకానికి నకయామా షింపెయి స్వరపరచగా నటి మత్సుయి సుమకో పాడిన ‘కచూషా నో ఉతా’లో కనిపిస్తుంది. ఆ తరువాత 1931లో కొగా మసావో (1904–1978) స్వరరచనలో ఫుజియమా ఇచిరో పాడిన ‘సాకె వా నమిదా కా తమెయికి కా’ గొప్ప ప్రజాదరణ పొందింది. విద్యుత్ మైక్రోఫోను రావడం వల్ల గొంతెత్తకుండా, చెవిలో చెప్పినట్లు పాడటం అప్పుడే సాధ్యమైంది. గిటారు తోడుగా మెల్లగా సాగే ఆ విషాదరీతికి ‘కొగా బాణీ’ అన్న పేరు వచ్చింది.

1937లో హత్తొరి ర్యోఇచి స్వరపరచగా అవాయా నొరికో పాడిన ‘వకారె నో బురూసు’ ఇదే కాలానికి చెందిన మరొక వియోగ గీతమైనా, అమెరికా బ్లూస్ ప్రభావంతో రూపొందినది కావడం వల్ల దానిని వేరుగా చూడటమే ఉచితం. ఇటువంటి పాటలు సైనికుల స్థైర్యాన్ని సడలిస్తాయని యుద్ధకాలంలో అధికారులు అభ్యంతరపెట్టగా, సైనికులే వాటిని కోరి పాడించుకొనేవారని ఒక కథనం ప్రచారంలో ఉంది.

స్వరస్వరూపం, గానపద్ధతి

ఎంకా బాణీలు ఎక్కువగా ‘యొనానుకి’ అనే స్వరక్రమంలో ఉంటాయి. పాశ్చాత్య సప్తస్వరాలలో నాలుగవదానిని, ఏడవదానిని విడిచిపెట్టగా మిగిలే ఐదు స్వరాల వరుస ఇది. దీని మేజర్ రూపంలోని స్వరాలు కర్ణాటక సంగీతంలోని మోహన రాగ స్వరాలే. విషాద గీతాలకు తరచుగా వాడే మైనర్ రూపంలో షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పంచమం, శుద్ధ ధైవతం ఉంటాయి. అంటే శివరంజనిలోని చతుశ్రుతి ధైవతం స్థానంలో శుద్ధ ధైవతాన్ని నిలిపితే ఈ వరుస వస్తుంది. పంచమానికి, ధైవతానికి మధ్య దూరం అర్ధస్వరానికి కుదించుకుపోవడం దీని దైన్యానికి ఒక కారణం కావచ్చు. అయితే ఈ సామ్యం స్వరస్థానాలకే పరిమితం. ఎంకా బాణీ పాశ్చాత్య హార్మొనీ మీద నడుస్తుంది కనుక రాగ సంచారంతో దానిని పోల్చరాదు.

గానంలో ‘కొబుషి’ ముఖ్యమైనది. ఒక అక్షరాన్ని సాగదీస్తూ ప్రక్క స్వరాలను తాకి చుట్టి రావడమే కొబుషి. మియాకో హరుమి ప్రసిద్ధం చేసిన ‘ఉనారి’, అంటే గొంతును బిగించి గర్జించినట్లు పలకడం, మరొక పద్ధతి. 2002లో ఎంకాపై గ్రంథం వెలువరించిన క్రిస్టీన్ యానో, మాట, బాణీ, దుస్తులు, అభినయం అన్నీ ముందే స్థిరపడిన అచ్చుల ప్రకారం నడుస్తాయని, శ్రోతలు ఆ అచ్చుల ద్వారానే దుఃఖాన్ని అనుభవిస్తారని వివరించింది. మిసోరా హిబారి (1937–1989) 1966లో పాడిన ‘కనషీ సాకె’ దీనికి తగిన ఉదాహరణ. కొగా స్వరపరచిన ఈ పాటను వేదికపై పాడేటప్పుడు ఆమె కన్నీరు కార్చడం, ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టంగా మారింది.

వస్తువు

రేవుపట్టణం, వాన, మంచు, ఒంటరిగా తాగే సాకె, రాత్రి రైలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. యుద్ధానంతరం ఉత్తర ప్రాంతాల యువత పనుల కోసం పెద్ద సంఖ్యలో టోక్యో చేరడంతో ప్రియుల ఎడబాటు, ఊరి ఎడబాటు ఒకే పాటలో కలిసిపోయాయి. ఊరిలో విడిచి వచ్చిన యువతిని తలచుకొనే ‘వకారె నో ఇప్పొన్‌సుగి’ (1955, గాయకుడు కసుగా హచిరో) ఈ కలయికకు తొలి మేటి రచనల్లో ఒకటి.

1970లలో గీతరచయిత అకు యూ ఈ సంప్రదాయాన్ని కొత్త మలుపు తిప్పాడు. మియాకో హరుమి పాడిన ‘కితా నో యాదో కరా’ (1975) తొడుక్కోడని తెలిసినా ప్రియుని కోసం స్వెటర్ అల్లే స్త్రీ పాట. దీనికి 1976లో జపాన్ రికార్డ్ అవార్డు లభించింది. ఇషికావా సయురి పాడిన ‘త్సుగరు కైక్యో ఫుయుగెషికి’ (1977, స్వరకర్త మికి తకాషి) టోక్యోలోని ఉయెనో స్టేషను నుంచి రాత్రి రైలులో అఒమొరి చేరి, హొక్కైదో వెళ్లే ఓడ ఎక్కే స్త్రీ ప్రయాణాన్ని వర్ణిస్తుంది. 1908 నుంచి నడిచిన ఆ రైల్వే ఓడ సర్వీసు, సముద్రం కింద సెయికాన్ సొరంగం తెరచిన 1988లో ముగిసింది. గీతంలోని రైల్వే ఓడ ఇప్పుడు లేకపోయినా, అఒమొరి ప్రాంతంలోని తప్పి అగ్రం వద్ద ఆ పాట స్మారక శిల ఉంది.

స్త్రీ వేదనను చెప్పే ఇటువంటి గీతాలలో అనేకం పురుషుల రచనలు. మోరి షినిచి వంటి గాయకులు స్త్రీ పాత్రగానే పాడారు కూడా. ఓర్చుకొనే స్త్రీని ఆదర్శంగా నిలబెడతాయన్న విమర్శ ఈ పాటలపై ఉంది. ఆ విమర్శలో సత్యమున్నా, ‘త్సుగరు’ నాయిక తానే విడిచి కదలిపోతుందన్నది గమనించదగినది.

శాఖగా గుర్తింపు

ఎంకా మేజీ కాలం నుంచి అవిచ్ఛిన్నంగా వచ్చిన జాతీయ సంప్రదాయమని ఒక వాదం. పరిశోధకుడు వాజిమా యూసుకె 2010 నాటి గ్రంథంలో దీనిని తోసిపుచ్చి, 1960ల చివర రికార్డు పరిశ్రమ, ఇత్సుకి హిరొయుకి వంటి రచయితలు, అట్టడుగు జీవితంపై ఆసక్తి పెంచుకొన్న మేధావులు కలిసి వెనకటి పాటలను ఒక గొడుగు కిందికి చేర్చారని చూపాడు. కొగా పాటలకు తొలినాళ్లలో ఎంకా అన్న పేరు లేకపోవడం ఈ రెండవ వాదానికే బలం చేకూరుస్తున్నది.

ఎంకా ప్రచారంలో కరావొకే (ముందే ముద్రించిన వాద్యసంగీతానికి తోడుగా పాడుకొనే యంత్రం) పాత్ర పెద్దది. దాని ఆవిష్కరణను సాధారణంగా కోబెకు చెందిన ఇనొఉయె దైసుకె (1971)కు ఆపాదిస్తారు. టోక్యోలో నెగిషి షిగెఇచి 1967లోనే ఇటువంటి యంత్రాన్ని తయారుచేసినందున ముందుతనం అతనిదేనని అంగీకరించవలసి ఉంటుంది.

ఇరుగుపొరుగు, నేటి స్థితి

కొరియాలోని ‘ట్రాట్’ గీతాలకు ఎంకాతో దగ్గరి పోలికలున్నాయి. ఏది దేనికి మూలమన్నది వివాదాంశం. కొగా బాల్యం కొంత కొరియాలో గడచినందున ప్రభావం రెండు దిక్కులా సాగి ఉండవచ్చు. ఇ మిజా పాడిన ‘తొంబెక్ అగస్సి’ (1964)ని జపాను ఛాయలున్నాయంటూ కొరియా ప్రభుత్వం నిషేధించి, 1987లో ఆ నిషేధాన్ని తొలగించింది. తైవాను గాయని తెరెసా తెంగ్ 1980లలో పాడిన జపాను వియోగ గీతాలు ఆసియా అంతటా వ్యాపించాయి.

1990ల నుంచి జె-పాప్ (నవీన జపాను పాప్ సంగీతం) ముందు ఎంకా అమ్మకాలు తగ్గి, శ్రోతలు ఎక్కువగా వృద్ధతరానికి పరిమితమయ్యారు. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన నల్లజాతి గాయకుడు జెరో 2008లో ‘ఉమియుకి’తో ప్రవేశించడం కొంత కొత్త ఆసక్తిని రేపింది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో భూకంపం సంభవించిన ఏడాది చివర, జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె వారి సంవత్సరాంత పాటల కార్యక్రమం ‘కోహకు’లో ఇషికావా సయురి తన 1977 నాటి ప్రేమగీతం ‘నోతో హంతో’ను పాడింది. ఎడబాటును చెప్పడానికి స్థిరపడిన ఈ రూపం, వ్యక్తిగత ప్రేమను దాటి ఒక ప్రాంతపు దుఃఖాన్ని కూడా మోయగలదని ఆ గానం నిరూపించింది.