ఘంటసాలవారి గ్రామఫోను రికార్డులు



మీలో డెబ్బదియేండ్లు దాటినవారికి గ్రామఫోను ఎట్లుండునో వర్ణించి చెప్పవలసిన పని లేదు. ప్రక్కనున్న పిడిని త్రిప్పి చావి యిచ్చుట, కొత్త సూది బిగించుట, తిరుగుచున్న రికార్డుపై దానిని మెల్లగా దింపుట, ముందుగా గరగరమను చప్పుడు, ఆ వెనుక పాట. ఇవన్నియు మీ చెవులకింకను గుర్తుండును. దానికి విద్యుత్తుతో పని లేదు. లోపలి స్ప్రింగు బలమే చాలును. అందుచేతనే మా రేగోడు వంటి పల్లెలలో సయితము, తీగలు, స్తంభములు రాకమునుపే, కలిగినవారి యరుగులమీద అది పాడగలిగెను.

నేను ఇరువదియేండ్లుగా ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పాత రికార్డులను, ఆయన పాడిన చిత్రముల పాటల పుస్తకములను ఏరి కూర్చుచున్నాను. ఇంటివారికిది పిచ్చిగా తోచినది. చేతిలోని ఫోనులో పాటలన్నియు వినవచ్చుచుండగా ఈ నల్లపెంకులెందుకని అడుగుదురు. అడుగుట న్యాయమే. నేను చెప్పు సమాధానము కొంచెము దూరమునుండి మొదలిడవలెను.

మన దేశములో గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పట్టిరి. ఆ పాటలు జర్మనీలోని హానోవరులో అచ్చయి, ఓడలమీద మరల మన దేశమునకు వచ్చెడివి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. నాడు మైక్రోఫోను లేదు. గాయకుడు పెద్ద కొమ్మువంటి గొట్టములో నోరారా పాడవలసినదే. మెల్లగా పాడినచో రికార్డుపై గీత పడదు. గొంతెత్తి పద్యము చదువుటకు అలవడిన నాటకరంగపు నటులకు ఇది కష్టము కాలేదు. 1925 ప్రాంతమున మైక్రోఫోను వచ్చిన పిమ్మటనే, చెవిలో చెప్పినట్లు మెత్తగా పాడువానికి చోటు దొరకినది. అమెరికాలో బింగ్ క్రాస్బీ అనునతడు ఆ పద్ధతివలననే లోకప్రసిద్ధుడయ్యెను. మన తెలుగున లలితసంగీతమను మాట వాడుకలోనికి వచ్చుటకును ఈ యంత్రము కొంత కారణమని నా యభిప్రాయము.

ఘంటసాలవారు 1922 డిసెంబరు 4న గుడివాడ ప్రాంతపు చౌటపల్లెలో జన్మించిరి. బాల్యముననే తండ్రి సూరయ్యగారు గతించిరి. సంగీతము నేర్వవలెనని ఒంటరిగా విజయనగరము చేరి, మాధుకరమెత్తి పొట్ట నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులైరి. 1942 ఉద్యమములో చెఱసాలకు పోయిరి. తరువాత మద్రాసు చేరి రేడియోలో పాడిరి. 1945లో వచ్చిన స్వర్గసీమలో వారి గొంతు వినబడెను. 1949లో మనదేశము చిత్రమునకు సంగీతము కూర్చిరి. 1951లో పాతాళభైరవి వచ్చినది. అటు తరువాతి కథ మీరెఱిగినదే.

అయితే సినిమా పాటలకంటె నాకు ప్రియమైనవి ఆయన విడిగా పాడిన రికార్డులు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము అందులో మొదటిది. ఉదయశ్రీలోని ఆ పద్యములను ఆయన నాటకఫక్కిలో సాగదీయక, పువ్వు మాటాడినట్లు పాడిరి. పది అంగుళముల రికార్డుపై ఒక వైపున మూడు నిమిషములకు మించి పట్టదు. అందుచే మొదటి వైపు ముగియగానే లేచి రికార్డును త్రిప్పి వేయవలెను. ఆ త్రిప్పెడి నడుమ గదిలో ఎవ్వరును మాటాడెడివారు కారని పెద్దలు చెప్పగా వింటిని.

ఇక ఈ నల్లపెంకు దేనితో చేయుదురో వినుడు. మట్టితో కాదు. లక్కపురుగు కొమ్మలపై కూర్చిన లక్క, రాతిపొడి, నూలుపీచు, మసి. ఆ పురుగు మోదుగమీదను, రేగుమీదను పెరుగును. మా యూరిపేరు రేగు అను మాటతోనే మొదలగుట నాకొక వినోదముగా తోచును. ప్రపంచమునకు కావలసిన లక్కలో పెద్దభాగము మన దేశమునుండియే పోయెడిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఓడలు నిలిచి లక్క కరవైనపుడు, 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డులకు లక్క వాడుకను తగ్గించెను. పాత రికార్డులను పోగుచేసి, నలుగగొట్టి, కొత్తవానిలో కలిపిరి. ఒక పాటను చంపి మఱియొక పాటను పుట్టించుట యన నిదియే.

యుద్ధమొక్కటే కాదు, నా వంటి అజ్ఞానులును ఈ పని చేసిరి. మొదట్లో నాకు దొరకిన ఒక మంచి రికార్డుపై దుమ్ము పట్టియుండగా, గాయములు తుడిచెడి స్పిరిటుతో గట్టిగా తుడిచితిని. స్పిరిటులో లక్క కరగునని నాకు తెలియదు. నల్లని గుడ్డ, తెల్లబారిన రికార్డు, ఇవి మిగిలినవి. దానిపై సూది పెట్టిన ఇసుక జల్లెడ పట్టినట్లు చప్పుడు తప్ప మఱేమియు వినబడలేదు. కావున మీ యింట రికార్డున్నచో మెత్తని పొడిగుడ్డతో తుడువుడు. ఎండలో పెట్టకుడు, వంగిపోవును. ఒకదానిపై నొకటి పడుకోబెట్టక నిలువుగా నుంచుడు. అరిగిన సూదితో మఱియొకసారి పాడించుటయు గాడిని కోసివేయుటయే. ఉక్కుసూదిని ఒక వైపు పాడగానే మార్చవలెనని ఆనాటివారు చెప్పినది పిసినారితనమునకు విరుద్ధమైనను, నిజము.

నా రికార్డులలో కొన్ని హైదరాబాదు జుమేరాత్ బజారులో, త్రాసులు, తాళపుచెవులు, విఱిగిన గడియారముల నడుమ దొరకినవి. పాటల పుస్తకములు అబిడ్సులో ఆదివారము పుస్తకములమ్మెడి కాలిబాటపై దొరకినవి. కొట్టకములలో అణాలకమ్మిన ఆ పలుచని పుస్తకములలో కథ సగము చెప్పి, శేషము వెండితెరపై చూడుడని ముగించెడివారు. దేవదాసు, మాయాబజారు పుస్తకములలో చెమటచేతుల మరకలున్నవి. పాటలు చేతివ్రాతతో సవరించినవి కూడ కలవు, పాడుకొనినవారెవరో!

మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది 78 రికార్డులను జీవితకాలమంతయు కూర్చిరి. వారితో పోల్చిన నాది పిడికెడు. కాని ఇంటివారి ప్రశ్నకు సమాధానమిచ్చటనే యున్నది. ఫోనులో వినబడు పాత పాటలో పెక్కు, ఎవరో యొకరు దాచిన రికార్డునుండి ఎక్కించినవే. ఎవ్వరును దాచనిది ఫోనులోనికి రాదు. సినిమా పాటకు సినిమా అను మఱియొక ఆధారమైనను కలదు. విడిపాటకు రికార్డు తప్ప వేఱు సాక్షి లేదు.

ఘంటసాలవారు 1974 ఫిబ్రవరి 11న కీర్తిశేషులైరి. ఆయన గానము చేసిన భగవద్గీత పెద్ద రికార్డుగా ఆయన పోయిన పిమ్మటనే వెలువడినది. నేడు పల్లెలలో మైకునుండి ఆ గీత వినబడెనా, ఎవరింట నేమి జరిగెనోయని మనము బయటికి వచ్చి అడుగుదుము. ఆయన కంఠము మన శోకమునకు అట్లు గుర్తయినది. అందుచేతనే ఆయన వయసులో పాడిన పాటలు విన్నపుడు నాకు ప్రాణము లేచివచ్చినట్లుండును.

మా రేగోడునకు దాపుననే యొక పెద్దమనిషి యింట పుష్పవిలాపము రికార్డు కలదని తెలిసి రెండేండ్ల క్రిందట వెళ్లితిని. ఆయనకు తొంబదియేండ్లు సమీపించుచున్నవి. భార్యకు వినిపింపవలెనని పెండ్లియైన కొత్తలో పట్నమునుండి మోసితెచ్చినాడట. ఆమె గతించినది. యంత్రము చెదలు తిని పోయినది. రికార్డు మాత్రము పాత ధోవతిలో చుట్టబడి సందుగులో నున్నది. అంచున ఒక పగులు. నేను ధర చెప్పితిని, రెట్టింపు చేసితిని. ఆయన తల యూపెను.

“అమ్మెటందుకైతే ఇయ్య బిడ్డా. ఇనిపిస్తనంటే మాత్రం తీస్కరా నీ మిషను” అనెను.

మఱుసటి వారము నా యంత్రమును తీసికొనిపోతిని. పగులున్నచోట సూది తగిలినప్పుడెల్ల టక్కుమని శబ్దము, నిమిషమునకు డెబ్బదియెనిమిది మార్లు; దాని నడుమ ఘంటసాలవారి గొంతు. మొదటి వైపు ముగిసెను. నేను త్రిప్పబోగా ఆయన నా చేయి పట్టి ఆపెను. కొంతసేపటికి తానే లేచి, రెండు చేతులతో రికార్డును పట్టుకొని త్రిప్పి వేసెను.

ఆ దినమున నేను రెండు వైపులను ఫోనులోనికి ఎక్కించుకొంటిని, టక్కుటక్కులతో సహా. రికార్డు తిరిగి ధోవతిలో చుట్టి సందుగులో పెట్టిరి. ఇప్పటికిని అచ్చటనే యున్నది. పండుగలకు నేను యంత్రము మోసికొని పోవుచుందును.