రామానుజన్‌ని లెక్క అడిగినవాళ్లు

శ్రీనివాస రామానుజన్ పేరు ఎత్తితే అందరూ 1729 అనే టాక్సీ నంబరు కథే చెప్తారు. ఆ కథ మీకు తెలిసిందే కాబట్టి నేను రాయను. ఆయనకు నెలనెలా డబ్బిచ్చి, "ఏం చేశావు, చూపించు" అని అడిగినవాళ్ల గురించి రాస్తాను.

ఆయన 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగాడు. హైస్కూల్లో బహుమతులు తెచ్చుకున్న పిల్లవాడు కాలేజీకి పోయాక లెక్కలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. ఇంగ్లీషులో తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయాడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. 1909లో పెళ్లయింది. చేతిలో ఉద్యోగం లేదు, లెక్కల నోటు పుస్తకాలు మాత్రం ఉన్నాయి.

1910లో ఆ నోటు పుస్తకాలు పట్టుకుని తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టర్ రామస్వామి అయ్యర్ దగ్గరికి గుమాస్తా పని అడగడానికి పోయాడు. ఇండియన్ మ్యాథమేటికల్ సొసైటీని స్థాపించింది ఆయనే. పుస్తకాలు చూసి, ఇంత తెలివిని చిన్న గుమాస్తా పనిలో పాతిపెట్టకూడదని అనుకుని, మద్రాసులో తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాసిచ్చాడు. అలా అలా తిరిగి ఆ ఏడాది డిసెంబర్‌లో రామానుజన్ నెల్లూరు చేరాడు. మన తెలుగువాళ్లం గర్వపడాల్సిన చోటు ఇది! అప్పుడు నెల్లూరు కలెక్టర్ దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు. మొదట ఆ పుస్తకాల్లో ఏముందో ఆయనకీ అంతు పట్టలేదు. కానీ తరిమెయ్యలేదు, మళ్లీ రమ్మన్నాడు. రామానుజన్ సులువైన వాటితో మొదలుపెట్టి మెల్లగా కష్టమైనవి చూపించాడు. అప్పుడు నమ్మకం కుదిరి, నీకేం కావాలి అని అడిగాడు. తిండికి సరిపడా డబ్బుంటే లెక్కలు చేసుకుంటానన్నాడు రామానుజన్. అంతే, నెలకు 25 రూపాయలు ఏర్పాటు చేసి మద్రాసు పంపించాడు. 1911లో మొదటి పెద్ద వ్యాసం అచ్చయింది.

అయినా ఒకరి డబ్బు మీద కూర్చుని తినడం రామానుజన్‌కి నచ్చలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు. అక్కడి పై అధికారి నారాయణ అయ్యర్‌కి కూడా లెక్కలంటే ప్రాణం. సాయంత్రాలు ఇద్దరూ పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లట. కాగితం కొనాలంటే ఖర్చు కదా! రామానుజన్ ఒక మెట్టు నుంచి పదో మెట్టుకు దూకేస్తే, నాకే అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది, మధ్య స్టెప్పులు రాయి అని ఆయన పట్టుబట్టేవాడని చెప్తారు. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా లెక్కల సారు కూడా నా పేపర్లో ఎర్ర సిరాతో "స్టెప్పులేవి?" అనే రాస్తారు.

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. హార్డీ మెచ్చుకుని, వెంటనే రుజువులు అడిగాడు. రామానుజన్ జవాబులో, మెదడు నిలవాలంటే ముందు తిండి కావాలి, మీరొక మంచి మాట రాస్తే ఇక్కడ స్కాలర్‌షిప్ వస్తుంది అన్న అర్థంలో రాశాడు. అది నిజంగానే వచ్చింది. డిగ్రీ లేని మనిషికి మద్రాసు యూనివర్సిటీ మే 1 నుంచి నెలకు 75 రూపాయలు ఇచ్చింది. కానీ ఊరికే ఇవ్వలేదు, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలని షరతు పెట్టింది. మొదటిది ఆగస్టు 5న ఇచ్చాడు, తర్వాత నవంబర్‌లో, 1914 మార్చిలో. మొత్తం మూడు. ఆ రిపోర్టుల్లోని ఒక సూత్రాన్నే ఇప్పుడు రామానుజన్ మాస్టర్ థియరం అంటున్నారు.

అంత మేధావిని రిపోర్టులు అడగడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకు అలా అనిపించలేదు. నోటు పుస్తకంలో ఆయన తనకోసం జవాబు మాత్రమే రాసుకున్నాడు. రిపోర్టులో ఇంకొకరికోసం రాయాల్సి వచ్చింది. అయితే అన్నం పెట్టకుండా లెక్క మాత్రమే అడిగి ఉంటే అది బెదిరింపు అయ్యేది, అది కూడా నిజమే.

1914 మార్చి 17న ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, ఒళ్లు మాత్రం పాడైంది. మద్రాసు యూనివర్సిటీ అయిదేళ్లపాటు ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామంది. 1919 జనవరిలో ఆయన రిజిస్ట్రార్‌కి రాసిన ఉత్తరం నాకు అన్నింటికంటే ఇష్టం. ఈ డబ్బు నాకు ఎక్కువ, తల్లిదండ్రులకు 50 పౌండ్లు ఇచ్చి, నా ఖర్చులు పోను మిగిలింది పేద పిల్లల, అనాథల స్కూలు ఫీజులకు, పుస్తకాలకు వాడండి అని రాశాడు.

తిరిగి వచ్చాక చాలా నెలల దాకా హార్డీకి ఉత్తరం రాయలేకపోయాడు. 1920 జనవరి 12న మంచం మీద నుంచే రాశాడు. ముందు ఆలస్యానికి క్షమాపణ, తర్వాత కొత్తగా కనిపెట్టిన మాక్ తీటా ఫంక్షన్ల లెక్కలు. ఏప్రిల్ 26న మద్రాసులో చనిపోయాడు. వయసు 32.